చుబుకం ఇంప్లాంట్: ఎంపికకు ముందు తేలవలసిన లెక్క

ముక్కు మరీ పెద్దదిగా ఉందని, దానిని తగ్గించాలని ప్లాస్టిక్ సర్జన్లను ఆశ్రయించేవారిలో కొందరికి ఊహించని సమాధానం ఎదురవుతుంది. పక్క నుంచి తీసిన ఛాయాచిత్రాన్ని ముందుంచి, లోపం ముక్కులో లేదు, చుబుకంలో ఉందని వైద్యుడు తేల్చి చెబుతాడు. కింది పెదవికి దిగువన ఉండే ఆ చిన్న ఎముక భాగం వెనక్కి ఒదిగి ఉన్నప్పుడు ముక్కు ఉన్నదానికన్నా పెద్దదిగా, మెడ ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తాయి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడాతో ముఖం తీరు మారిపోవడం ఇక్కడ సాధ్యమే.

ఆ కొద్దిపాటి లోటును పూడ్చేందుకు చుబుకం ఎముకపై అమర్చే కృత్రిమ ఫలకమే చుబుకం ఇంప్లాంట్. మహానగరాల సంపన్నులకే పరిమితమనుకున్న ఈ శస్త్రచికిత్స నేడు ద్వితీయ శ్రేణి నగరాల క్లినిక్కుల ప్రచారంలో సైతం చోటు చేసుకుంటున్నది. అక్కడికి వెళ్లినవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండే. ఏ కంపెనీది? ఎంతవుతుంది? అయితే ఈ రెండింటికన్నా ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది. లోపం చుబుకానిదా, దవడదా? ఇంప్లాంట్ అవసరమా కాదా, అవసరమైతే ఏ రకం అన్నవి ఈ ప్రశ్నకు లభించే సమాధానంపైనే ఆధారపడి ఉంటాయి. అంతేకాదు, చెల్లించవలసిన పన్ను, బీమా సంస్థ స్పందన కూడా ఆ సమాధానాన్నే అనుసరిస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు.

ముందు కొలత, తర్వాతే కోత

ముఖాన్ని నిలువుగా మూడు భాగాలుగా విభజించి చూడడం ఈ వైద్యంలో మొదటి మెట్టు. నుదుటి వెంట్రుకల అంచు నుంచి కనుబొమల వరకు ఒకటి, కనుబొమల నుంచి ముక్కు అడుగు వరకు రెండవది, అక్కడి నుంచి చుబుకం అంచు వరకు మూడవది. ఈ మూడూ ఇంచుమించు సమానంగా ఉంటే ముఖం సమతూకంగా ఉన్నట్లు లెక్క. పక్క నుంచి చూసేటప్పుడు కింది పెదవి అంచు నుంచి నిలువుగా ఒక గీత దిగినట్లు ఊహిస్తారు. పురుషుల్లో చుబుకం ఆ గీతను దాదాపు తాకుతుంది. స్త్రీలలో కాస్త వెనుకగా ఉన్నా అందంగానే ఉంటుంది. అయితే ఈ ప్రమాణాలలో చాలావరకు పాశ్చాత్యుల ముఖాలను కొలిచి నిర్ణయించినవేనన్నది మరువరాదు. మన ముఖాలకు వాటిని యథాతథంగా అన్వయించి, లేని లోటును చూపే ప్రమాదం లేకపోలేదు.

ఇంప్లాంట్ ప్రధానంగా చేయగలిగింది చుబుకాన్ని ముందుకు తేవడమే. మరీ పొడవైన చుబుకాన్ని అది పొట్టి చేయలేదు. బాగా పొట్టిగా ఉన్న చుబుకానికి తగినంత పొడవునూ ఇవ్వలేదు. ఒక పక్కకు ఒరిగిన దవడను నిటారుగా నిలపలేదు. ఈ పరిమితులు ముందే తెలిసి ఉంటే తర్వాతి నిరాశ తప్పుతుంది.

రెండవ మెట్టు పళ్ల పరీక్ష. నోరు మూసి పళ్లు కలిపి కొరకమన్నప్పుడు పై పళ్లు కింది పళ్లకన్నా బాగా ముందుకు వచ్చి ఉంటే, వెనుకబడింది చుబుకం ఒక్కటే కాదు, కింది దవడ మొత్తం అని అనుమానించవలసి ఉంటుంది. తలను పక్క నుంచి తీసే ప్రత్యేక ఎక్స్‌రేతో ఈ సంగతి నిర్ధారణ అవుతుంది. అటువంటివారికి పళ్లను కమ్మీలతో క్రమంలోకి తెచ్చి, ఆపైన దవడనే ముందుకు జరిపే శస్త్రచికిత్స అసలైన మార్గం. వారికి ఇంప్లాంట్ అమర్చితే పక్క నుంచి తీసిన ఫోటో బాగుపడుతుందే గాని, నమిలే తీరు బాగుపడదు. దవడ ఎదుగుదల పూర్తికాని వయసులో ఉన్నవారు మరింత ఓపిక పట్టవలసి ఉంటుంది.

మూడవ మెట్టు శ్వాస. నాలుకను ముందుకు పట్టి ఉంచే ప్రధాన కండరం చుబుకం ఎముక లోపలి వైపున అంటుకుని ఉంటుంది. ఆ ఎముక బాగా వెనుక ఉన్నప్పుడు నిద్రలో నాలుక గొంతు వైపు జారి గాలి దారిని ఇరుకు చేస్తుంది. గట్టి గురక, నిద్రలో ఉక్కిరిబిక్కిరి కావడం, పగలంతా కునికిపాట్లు దీని సూచనలు. ఎముక వెలుపల అతికించే ఇంప్లాంట్ ఈ కండరాన్ని అంగుళమైనా కదల్చదు. కనుక చుబుకం బాగుచేయించుకోవాలని వచ్చిన వ్యక్తిని గురక గురించి అడగని వైద్యుడు సగం పరీక్షే చేసినట్లు.

పసితనంలో పడిన దెబ్బ

మన దేశంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉంది. మేడ మెట్లపై నుంచో, ఊయల నుంచో జారి గడ్డం నేలకు తగిలేలా పడిన పసిపిల్లల్లో కొందరికి చెవి ముందున్న దవడ కీలు దెబ్బ తింటుంది. గడ్డం కింద చిట్లిన చర్మానికి కుట్లు వేయించి తల్లిదండ్రులు ఊరట చెందుతారు. కీలు సంగతి ఎవరూ గమనించరు. చెవిలో చీము పట్టి అది కీలుకు పాకినా ఇదే ముప్పు. కాలక్రమాన కీలు ఎముకతో బిగుసుకుపోతుంది. నోరు తెరుచుకోదు. కింది దవడ ఎదుగుదల నిలిచిపోయి, యుక్తవయసు వచ్చేసరికి ముఖం పక్షి ముఖాన్ని తలపిస్తుంది. ఈ రుగ్మత మన ఆసుపత్రులలో ఇప్పటికీ అరుదు కాదు.

అటువంటి యువతి లేదా యువకుడు పెళ్లి సంబంధాల వేళ 'గడ్డం చిన్నది' అన్న మాట పడి అందాల క్లినిక్కు మెట్లెక్కితే ఏమవుతుంది? ఇంప్లాంట్ ఆ లోపాన్ని కొంత కప్పిపుచ్చవచ్చు. నోరు మాత్రం తెరుచుకోదు, రాత్రివేళ శ్వాస మెరుగుపడదు. పైగా నోరు తెరుచుకోనివారికి సాధారణ పద్ధతిలో మత్తు ఇవ్వడమే ప్రమాదంతో కూడుకున్న పని. అందుకు తగిన నిపుణులు, సాధనాలు లేనిచోట సాహసించడం ప్రాణాంతకం కాగలదు. వీరికి మొదట కావలసింది బిగుసుకున్న కీలును విడిపించి, కుంచించుకుపోయిన దవడను క్రమంగా సాగదీసే చికిత్స. చుబుకం తీర్చిదిద్దడం అన్నింటికన్నా చివరి అంకం. అందం కోసం వచ్చినవారిలో వైద్యం అవసరమైనవారిని గుర్తించడమే ఈ రంగంలో అసలు నైపుణ్యం.

పదార్థాల మంచిచెడ్డలు

పరీక్షలన్నీ ముగిసి, పళ్లు, దవడ, శ్వాస సక్రమంగా ఉండి, వెనుకబడింది చుబుకం మాత్రమేనని తేలినప్పుడే ఇంప్లాంట్ ఎంపిక ముందుకు వస్తుంది. ఎక్కువగా వాడుకలో ఉన్నది గట్టి సిలికోన్. శరీరం దీనిని తనలో కలుపుకోదు, దాని చుట్టూ పలుచని పొరను అల్లుతుంది. అందువల్ల అవసరమైతే తిరిగి తీసివేయడం సులువు. మార్చుకోవడమూ తేలికే. కత్తితో చెక్కి కావలసిన ఆకారానికి తేవచ్చు. ఇందులో చిక్కు ఏమిటంటే, కణజాలంతో అతుక్కోదు కాబట్టి సరిగా నిలపకపోతే పక్కకు జరిగే అవకాశం ఉంటుంది. దాని ఒత్తిడికి కింద ఉన్న ఎముక కొంత అరుగుతుందన్న విషయం 1969లోనే వైద్య పత్రికలకెక్కింది. పళ్ల వేర్లకు దగ్గరగా, పైభాగాన పెడితే ఈ అరుగుదల ఇబ్బంది కలిగిస్తుంది. చుబుకం దిగువ అంచున ఉండే దట్టమైన ఎముకపై నిలిపితే చాలామందిలో అది స్వల్పంగానే ఉండిపోతుంది.

రెండవది సూక్ష్మ రంధ్రాలు గల పాలీఇథిలీన్. ఈ రంధ్రాల్లోకి రక్తనాళాలు, కణజాలం చొచ్చుకువచ్చి ఇంప్లాంట్‌ను కదలకుండా పట్టి ఉంచుతాయి. స్థిరత్వం దీని బలం. అయితే అదే దీని బలహీనత కూడా. ఏ కారణం చేతనైనా తీయవలసి వస్తే చుట్టూ అల్లుకున్న కణజాలాన్ని తెంచుకుంటూ తీయవలసిందే. మనసు మారే అవకాశం ఉందనుకునేవారు ఈ సంగతిని ముందే బేరీజు వేసుకోవాలి.

మూడవ కోవకు చెందినవి సి.టి. స్కాన్ ఆధారంగా ఆ వ్యక్తి ఎముకకు సరిగ్గా సరిపోయేట్లు కంప్యూటర్‌పై రూపొందించేవి. పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఇటువంటివి తయారవుతున్నాయి. రెండు పక్కలా తేడా ఉన్నవారికి, ప్రమాదాల్లో ఎముక దెబ్బతిన్నవారికి ఇవి ప్రయోజనకరం. ఖర్చు మాత్రం సహజంగానే ఎక్కువ. సాధారణ లోటుకు వీటినే వాడాలన్న ఒత్తిడి వస్తే కారణం అడిగి తెలుసుకోవడం మేలు.

కొత్త పదార్థమన్నంత మాత్రాన మెరుగైనదని అనుకోరాదన్న పాఠాన్ని చరిత్ర నేర్పింది. ప్రోప్లాస్ట్ అనే పదార్థం ఒకప్పుడు ముఖ శస్త్రచికిత్సల్లో ఎంతో ఆశ కల్పించింది. దానిని టెఫ్లాన్‌తో కలిపి దవడ కీలులో అమర్చినప్పుడు ఒరిపిడికి ముక్కలై చుట్టూ ఎముకను తినివేసింది. 1990 దశకం ఆరంభంలో అమెరికా ప్రభుత్వం ఆ కీలు ఇంప్లాంట్లను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించవలసి వచ్చింది.

ఆకారం అంతకన్నా ముఖ్యం

పదార్థంపై జరిగే చర్చలో ఆకారం మరుగున పడిపోతున్నది. తొలితరం ఇంప్లాంట్లు బొత్తాం మాదిరిగా చుబుకం మధ్యలో మాత్రమే కూర్చునేవి. దానితో మధ్య భాగం ముందుకు పొడుచుకువచ్చి, రెండు పక్కలా గుంటలు మిగిలిపోయేవి. 1980 దశకంలో వాడుకలోకి వచ్చిన విస్తృత ఇంప్లాంట్లు ఇరువైపులా సన్నబడుతూ దవడ అంచు వెంట వెనక్కి సాగి, ఎముకలో కలిసిపోయినట్లు కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ చుబుకానికి ఇరుపక్కలా ఏర్పడే పల్లాన్ని కూడా ఇవి పూడుస్తాయి. వెడల్పు ముఖం గలవారికి, సన్నని ముఖం గలవారికి ఒకే ఆకారం నప్పదు. పరిమాణం విషయంలో కాస్త తక్కువైనా ఫరవాలేదు గాని ఎక్కువ కారాదన్నది అనుభవజ్ఞుల మాట.

ఇంప్లాంట్ ప్రమేయం లేని మార్గం కూడా ఉంది. నోటి లోపలి నుంచి చుబుకం ఎముకను అడ్డంగా కోసి, ముందుకు జరిపి, టైటానియం పలకతో బిగించే పద్ధతి అది. దీని మూలాలు 1942 నాటివి. నోటి లోపలి నుంచి చేసే విధానం 1957లో రూపుదిద్దుకుంది. లోటు ఎక్కువగా ఉన్నవారికి, చుబుకాన్ని పొట్టి చేయవలసినవారికి లేదా పొడిగించవలసినవారికి, ఒరిగిన చుబుకాన్ని నిటారు చేయవలసినవారికి ఇదే తగిన మార్గం. నాలుక కండరం సైతం ఎముకతోపాటు ముందుకు వస్తుంది. అయితే ఇది పెద్ద శస్త్రచికిత్స. కోలుకునేందుకు పట్టే కాలమూ ఎక్కువే.

ఇక సూదితో చుబుకాన్ని నింపే హయలురోనిక్ ఆమ్లం తాత్కాలిక ఉపశమనమే. కొన్ని నెలల్లో కరిగిపోతుంది గనుక శాశ్వత నిర్ణయానికి ముందు మార్పు ఎలా ఉంటుందో చూసుకోవడానికి పనికివస్తుంది. పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం కుళ్లే ప్రమాదం దీనికీ ఉంది. ద్రవరూప సిలికోన్‌ను ఎక్కించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అంగీకరించదగినది కాదు. అది కణజాలంలో అంతటా వ్యాపించి, పూర్తిగా తొలగించేందుకు వీలులేని గడ్డలను మిగులుస్తుంది.

ఇంప్లాంట్‌ను గడ్డం కింద చిన్న కోతతోనో, నోటి లోపల చిగురు కింద కోతతోనో అమరుస్తారు. మొదటి దానిలో కనీకనిపించని మచ్చ మిగులుతుంది. రెండవ దానిలో మచ్చ కనిపించదు గాని, నోటిలోని సూక్ష్మక్రిముల బెడద ఉంటుంది. కింది పెదవికి, చుబుకానికి స్పర్శనిచ్చే నరాలు ఇరువైపులా కోరపళ్ల వెనుకనున్న పళ్ల వేర్లకు దిగువన ఎముక నుంచి వెలుపలికి వస్తాయి. విస్తృత ఇంప్లాంట్ అమర్చేటప్పుడు వాటిని తప్పించుకుని వెళ్లవలసి ఉంటుంది. పెదవి మొద్దుబారడం చాలామందిలో తాత్కాలికమే. కొందరిలో మిగిలిపోవచ్చు.

పన్నుకు, బీమాకు ఒకటే గీటురాయి

అందమా, ఆరోగ్యమా అన్న ప్రశ్నకు ఆసుపత్రి వెలుపల కూడా విలువ ఉంది. సౌందర్య శస్త్రచికిత్సలపై 2009 సెప్టెంబరు 1 నుంచి సేవాపన్ను అమలులోకి వచ్చింది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన తర్వాతా అదే విధానం కొనసాగుతున్నది. వైద్య సేవలకు పన్ను మినహాయింపు ఉన్నా, సౌందర్యం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి అది వర్తించదు. దానిపై 18 శాతం పన్ను పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో తలెత్తిన వైకల్యం, గాయం కారణంగా దెబ్బతిన్న శరీర నిర్మాణాన్ని లేదా పనితీరును సరిదిద్దేందుకు చేసే చికిత్సకు మాత్రం మినహాయింపు వర్తిస్తుంది.

ఆరోగ్య బీమాలోనూ ఇంచుమించు ఇదే గీత. బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల ప్రకారం సౌందర్య శస్త్రచికిత్సల ఖర్చును బీమా సంస్థ భరించనవసరం లేదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, లేదా ఆరోగ్యరీత్యా తప్పనిసరి అని వైద్యుడు ధ్రువీకరించిన చికిత్సకు ఈ నిషేధం వర్తించదు. పసితనంలో దవడ కీలు దెబ్బతిన్న యువతికి, పెళ్లి ఫోటో కోసం చుబుకం దిద్దించుకునే యువతికి మధ్య చట్టం చూపే తేడా ఇదే. అయితే రోగ నిర్ధారణ పత్రం, ఎక్స్‌రే, పాత గాయపు వివరాలు శస్త్రచికిత్సకు ముందే కాగితంపై లేకపోతే ఆ తేడాను తర్వాత నిరూపించుకోవడం కష్టం. సరైన పరీక్ష జరగనందువల్ల ఆరోగ్యమే కాదు, న్యాయంగా దక్కవలసిన రాయితీ సైతం చేజారిపోతుంది.

పెట్టెపై చీటీ చెప్పే కథ

విదేశాలలో లోపభూయిష్టమని తేలిన తుంటి ఇంప్లాంట్లను 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి రప్పించినప్పుడు, మన దేశంలో వాటిని అమర్చుకున్న రోగులెందరినో గుర్తించడమే గగనమైంది. ఆ చేదు అనుభవం తర్వాత నియంత్రణ కొంత బిగిసింది. వైద్య పరికరాలవల్ల కలిగే హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015 జూలైలో ఘజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో ప్రారంభమైంది. వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి పరికరాలన్నింటినీ ఔషధాల చట్టం పరిధిలోకి తెచ్చారు. అధిక ప్రమాదావకాశం గల సి, డి తరగతుల పరికరాలకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. దీర్ఘకాలం శరీరంలో ఉండే ఇంప్లాంట్లు సాధారణంగా సి తరగతి కిందికి వస్తాయి.

ధరల విషయానికి వస్తే, గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం గరిష్ఠ ధరలను నిర్ణయించింది. చుబుకం ఇంప్లాంట్లకు అటువంటి పరిమితి లేదు. అయితే ఏ వైద్య పరికరం గరిష్ఠ చిల్లర ధరనైనా ఏడాదిలో 10 శాతానికి మించి పెంచరాదన్న నిబంధన వాటికీ వర్తిస్తుంది. కాబట్టి పెట్టెపై ముద్రించిన ధరను చూపమని అడిగే హక్కు రోగికి ఉంది.

దేశంలో వాడే వైద్య పరికరాల్లో అధిక భాగం నేటికీ దిగుమతులే. ఈ పరాధీనతను తగ్గించేందుకు 2020లో 3,420 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహక పథకాన్ని కేంద్రం ప్రకటించింది. ఇంప్లాంట్లు కూడా ఆ పథకం పరిధిలో ఉన్నాయి. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకై ప్రత్యేకంగా వెలసిన మెడ్‌టెక్ జోన్ ఈ దిశగా తెలుగు నేలపై పడిన అడుగు. దిగుమతి అయినదైనా, స్వదేశీయమైనదైనా పెట్టెపై తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, గడువు తేదీ ఉండి తీరాలి. ఆ చీటీ నకలు రోగి చేతికి అందాలి. పదేళ్ల తర్వాత ఏదైనా చిక్కు తలెత్తినా, మరో ఊళ్లో చికిత్స అవసరమైనా లోపల ఉన్నదేమిటో చెప్పేది అదొక్కటే. పొరుగు దేశాల నుంచి ఇక్కడికి వచ్చి చికిత్స పొందేవారికి ఈ చీటీ మరింత అవసరం.

కత్తి ఎవరి చేతిలో?

చుబుకం శస్త్రచికిత్సను ప్లాస్టిక్ సర్జన్లు, దంతవైద్యంలో దవడ, ముఖ శస్త్రచికిత్సను అభ్యసించిన నిపుణులు చేస్తారు. కొద్దివారాల శిక్షణ పత్రాన్ని గోడకు తగిలించినంత మాత్రాన ఆ నైపుణ్యం రాదు. జుట్టు నాటే చికిత్సలపై జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో జారీ చేసిన మార్గదర్శకాలు కార్యశాలలకు హాజరు కావడం, యూట్యూబ్‌లో చూడడం తగిన శిక్షణ కాదని స్పష్టం చేశాయి. జుట్టు విషయంలో చెప్పిన ఆ మాట ఎముక విషయంలో మరింత వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

రోగికి చట్టం అండ లేకపోలేదు. డబ్బు చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995 నవంబరులో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 చట్టం కిందా ఇదే వర్తిస్తుందన్న బొంబాయి హైకోర్టు నిర్ణయాన్ని 2022 ఏప్రిల్‌లో సమర్థించింది. పరికరంలోనే లోపం ఉంటే తయారీదారును నిలదీసే అవకాశాన్ని కూడా 2019 చట్టం కల్పించింది. చికిత్స స్వరూపం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు వివరించిన తర్వాత పొందిన అంగీకారమే చెల్లుతుందని 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సర్వోన్నత న్యాయస్థానం నిర్దేశించింది. ఈ లెక్కన ఎముకను జరిపే పద్ధతి కూడా ఉందని చెప్పకుండా ఇంప్లాంట్‌కు చేయించిన సంతకం అసంపూర్ణమే.

ఏ ఇంప్లాంట్ మంచిదన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. లోటు స్వల్పమై, పళ్లు, శ్వాస సవ్యంగా ఉన్నవారికి సులువుగా తీయగలిగే సిలికోన్ విస్తృత ఇంప్లాంట్ సరిపోవచ్చు. స్థిరత్వమే ముఖ్యమనుకునేవారికి రంధ్రాల పాలీఇథిలీన్ నప్పవచ్చు. లోటు పెద్దదైతే సొంత ఎముకే ఉత్తమం. దవడే ఎదగని వారికి ఇవేవీ మొదటి మందు కావు. ముఖాన్ని చూసి, పళ్లు కొరికించి, గురక గురించి అడిగి, చిన్ననాట ఎప్పుడైనా గడ్డం నేలకు తగిలేలా పడ్డావా అని విచారించిన తర్వాతే ధర చెప్పే వైద్యుడి దగ్గర ఎంపిక సగం పూర్తయినట్లే. ధరతో మొదలుపెట్టే చోట నుంచి లేచి రావడమే వివేకం.